మూడో అధ్యాయంలో నాలుగు పేజీలు

డైరెక్టరు సీ అయ్యాష్ థీసిస్‌ని బల్ల మీద పెట్టి మెల్లగా బుతైనావైపు తిప్పాడు. మధ్యలో పేజీ గుర్తుగా సన్నటి కార్కు చీలిక పెట్టి ఉంది. అది ఎక్కడుందో ఆమెకు దూరం నుంచే తెలిసిపోయింది. తను రాసిన పుస్తకం, మందం చూసి చెప్పగలదు. మూడో అధ్యాయం.

"ముందు కాఫీ తాగు. చల్లారిపోతుంది," అన్నాడాయన.

కార్కు ఫ్యాక్టరీ టెలిఫోను బోర్డు దగ్గర కూర్చుని ఆమె ఈ గదికి ఎన్నో ఏళ్లుగా ఫోన్లు కలుపుతోంది గాని, ఈ గదిలో కుర్చీలో కూర్చున్న సందర్భాలు తక్కువ. ఆయన గొంతు ఆమెకు ముఖం కంటే ఎక్కువ పరిచయం. కోపంగా ఉన్నప్పుడు ఆ గొంతు తగ్గుతుంది. ఇప్పుడు బాగా తగ్గి ఉంది.

కిటికీ అవతల యార్డులో బెరడు కట్టలు ఇంటికప్పు ఎత్తున పేర్చి ఉన్నాయి. జూన్ ఎండకి అవి పగిలి, చిటపటమని చిన్న చప్పుళ్లు చేస్తున్నాయి.

"మొత్తం చదివాను. ఏం నవల అంతగా చదువుతున్నావని మా ఆవిడ అడిగింది," అని నవ్వాడు.

బుతైనా కూడా నవ్వింది. నవ్విన తర్వాత, ఎందుకు నవ్వానా అనుకుంది.

"బాగా రాశావు. నిజంగానే అంటున్నాను. ఒక్క ఈ నాలుగు పేజీలే." చీలిక దగ్గర తెరిచి అరచేత్తో పేజీని సాపు చేశాడు. "పేరు రాయలేదు, మంచిదే. కానీ ఇక్కడ చూడు. స్త్రీ, యాభై తొమ్మిదేళ్లు, తొట్ల విభాగం. ఆ వయసుది తొట్ల దగ్గర ఎవరని గేటు దగ్గర కుక్కనడిగినా చెబుతుంది."

మాట్లాడిన ప్రతి మనిషికీ వయసు, విభాగం, అనుభవం పట్టికలో చూపించాలన్నది యూనివర్సిటీ నియమం. ఆ నియమాన్ని పాటిస్తున్నప్పుడు, ఆ పట్టికని ఫ్యాక్టరీలో మనిషి చదువుతాడన్న ఆలోచనే ఆమెకు రాలేదు. పరీక్షకులు చదువుతారనుకుంది. వాళ్లకి తొట్లు ఎక్కడుంటాయో కూడా తెలియదు.

"మస్సూదా మంచి మనిషి. మాటే కొంచెం పదును. అక్టోబరులో రిటైరవుతోంది. గౌరవంగా సాగనంపాలని నా కోరిక. ఇది పైవాళ్ల చేతిలో పడిందనుకో, మూసేసిన ప్రమాదం ఫైలు తెరుస్తారు. తెరిచి ముందు ఎవర్ని పిలుస్తారు? నిన్నా? నన్నా?"

స్టాంపు బల్ల మీదే ఉంది, ఇంకు పెట్టె పక్కన. పరిశోధన జరిగిన సంస్థ ముద్ర లేకుండా డిపార్టుమెంటు థీసిస్ తీసుకోదు. తీసుకునే గడువు గురువారం. ఆ విషయం ఆయనకూ తెలుసు. ఆ పేజీలు తీయకపోతే ముద్ర వేయనని ఆయన అనలేదు. ఇంకు పెట్టె మూత మాత్రం, మాట్లాడుతూ మాట్లాడుతూ, వేలితో నొక్కి మూశాడు.

"తొట్టి మీద ఊగే ఆ నడక చెక్క సంగతి నేను చూసుకుంటాను. అది నా మాట. ఇంకొకటి, సెప్టెంబరులో సమాచార విభాగమని ఒకటి తెరవమని పైనుంచి కాగితం వచ్చింది. పట్టా ఉన్నవాళ్లు కావాలి. నువ్వు తప్ప ఇక్కడ ఎవరున్నారు?"

ఆమె కాఫీ తాగింది. నిజంగానే చల్లారిపోయింది.

ఆ నాలుగు పేజీలూ ఆమె మస్సూదా పక్కన తొట్టి దగ్గర నిలబడి సంపాదించినవి. కార్కు చెట్టు నుంచి వలిచి తెచ్చిన బెరడు గొట్టంలా ముడుచుకుని ఉంటుంది. దాన్ని కట్టలుగా కట్టి మరిగే నీళ్లలో ముంచితే మెత్తబడి, విచ్చుకుని, పలకలా సాపవుతుంది. తొట్టికి అడ్డంగా ఉన్న నడక చెక్క మీద నిలబడి ఇనుప కొక్కెంతో కట్టని పైకి లాగాలి. మస్సూదా కొక్కెం వేసి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి, నీళ్లు ఓడ్చి, కట్టని వెనక్కి దొర్లిస్తూ చెప్పింది. ఆవిరిలో ఆమె ముఖం కనిపించేది కాదు. రికార్డరులో మాత్రం, అందరూ ఖాల్తీ, అంటే పిన్నీ, అని పిలిచే ఆ మనిషి గొంతు స్పష్టంగా పడింది.

"చెక్క ఊగుతోందిరా రాబహ్ అన్నాను మేస్త్రీతో. చూస్తాను ఖాల్తీ అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, వాడికి భయం. పైకి వెళ్లి ఏమన్నాడో తెలుసా? తొట్ల దగ్గర ఆడవాళ్లకి ఇబ్బందిగా ఉందట అన్నాడు. ఆ పైనాయన ఇంకా పైకి ఏం చెప్పాడంటే, వేడికి ఆడవాళ్లు విసుక్కుంటున్నారని. అంతే, మాకు ఫ్యాను వచ్చింది. కొత్త ఫ్యాను, నీలం రంగుది. చెక్క ఊగుతూనే ఉంది. ఫ్యాను తిరుగుతుండగానే జాహియా పడింది."

జాహియా కాలు మోకాలి దాకా ఉడికిపోయింది. ప్రమాద నివేదికలో, కార్మికురాలు చెప్పులతో పనిలోకి వచ్చినందువల్ల కాలు జారింది అని రాశారు. తప్పు ఆమెదే అయింది. తొట్ల దగ్గర అందరివీ చెప్పులే, బూట్లు ఎవరికీ ఇవ్వలేదు.

బుతైనా ఆ మాట మెట్టు మెట్టుకీ ఎలా అరిగిపోయిందో నెలవారీ నివేదికలు పట్టుకుని వెతికింది. చెక్క ఊగుతోంది అన్న మాట, పై అంతస్తుకి చేరేసరికి వేసవి ఇబ్బందులు అయింది. రెండేళ్లు చదివిన సంస్థాగత సమాచార ప్రసరణ అంతా ఆ ఒక్క చెక్కలో ఉందనిపించింది ఆమెకు. రాస్తున్నప్పుడు వేళ్లు వణికాయి. బాధతో వణికాయని అప్పుడు అనుకుంది. సంతోషం కూడా ఉందని, ఇంత మంచి ఉదాహరణ దొరికిందన్న సంతోషమని, ఇప్పుడు ఈ కుర్చీలో కూర్చుంటే తెలుస్తోంది.

గైడు ఉస్తాద్ నుఆమాన్ గదిలో కుర్చీల నిండా థీసిస్‌లే. ఒక కట్ట తీసి కింద పెట్టి ఆమెకు చోటిచ్చాడు. ఇంకో అమ్మాయి థీసిస్ మీద ఎర్రపెన్నుతో పేజీ అంచులు సరిచూస్తూనే ఆమె చెప్పింది విన్నాడు.

"ఆ నాలుగు పేజీలు ఉన్నా సంతకం పెడతాను. లేకపోయినా పెడతాను. నా సంతకంతో ఇబ్బంది లేదు."

"ఇబ్బంది స్టాంపుతో, ఉస్తాద్."

"అవును. స్టాంపు లేకపోతే ఆఫీసులో తీసుకోరు. సెప్టెంబరుకి వాయిదా వేసుకోవచ్చు. అప్పుడు ఇంకో సంస్థ వెతుక్కోవాలి, మళ్లీ మొదటి నుంచి. నీ ఉద్యోగం చేసే చోట నిన్ను ఎలా చూస్తారన్నది వేరే సంగతి."

"మీరైతే ఏం చేసేవారు?"

"నేనా?" పెన్ను ఆపాడు. "నాకు పట్టా వచ్చి చాలా ఏళ్లయింది, బుతైనా. నన్నడిగితే ధైర్యంగానే చెబుతాను. అందుకే అడక్కు." పెన్ను పక్కన పెట్టి, "ఆవిడని అడిగావా?" అన్నాడు.

"మస్సూదా ఖాల్తీనా?"

"మాట ఆవిడది కదా."

"అడిగితే ఉంచమంటుంది."

ఉస్తాద్ నుఆమాన్ ఆమెవైపు చూశాడు. మళ్లీ పేజీ అంచుల మీదకు వంగాడు. అప్పుడు తన నోట వచ్చిన మాట తనకే వినిపించింది బుతైనాకి. జవాబు ముందే తెలుసు కాబట్టి ప్రశ్న వేయలేదు. ఇంత చిన్న లెక్కని ఇంతసేపూ ఎంత పెద్దగా, ఎంత దయగా చేసుకుందో.

"ఆవిడకి రిటైర్మెంటు దగ్గర పడింది. ఆవిడ కోసమే," అంది.

"ఊఁ," అన్నాడు ఉస్తాద్.

యూనివర్సిటీ గేటు ఎదురుగా జెరాక్సు దుకాణంలో ఆ వారమంతా ఊపిరాడదు. యంత్రాల వేడి, జిగురు వాసన, తమ వంతు ముందంటే తమది ముందని పిల్లలు. బుతైనా ఒక మూల స్టూలు మీద కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాలుగు పేజీలూ ఒకేసారి నీలంగా మెరిశాయి. ఒక మీట నొక్కితే పోయాయి.

పోయిన చోట అధ్యాయం అతుక్కుపోయింది. ముందు పేరా, తర్వాతి పేరా ఎప్పటినుంచో పక్కపక్కనే ఉన్నట్టు కలిసిపోయాయి. అక్కడ ఏదో ఉండేదని ఎవరూ కనిపెట్టలేరు. అది ఆమెను భయపెట్టింది. కొంచెమైనా గతుకు ఉంటుందనుకుంది.

ఆ చోట ఫ్యాక్టరీ బస్సు సంగతి రాసింది. బస్సు వేళ మార్చమని కార్మికులు అడగడం, ఆ అడిగింది పైకి వెళ్లేసరికి బస్సు చాలడం లేదని మారడం. అది కూడా జరిగిందే. అబద్ధం ఒక్కటీ రాయలేదు. సూత్రం అదే, బొమ్మ అదే, బాణాలు అవే. ఎవరికీ కాలు కాలదు, అంతే.

"అట్ట ఏ రంగు అక్కా?" అని అరిచాడు దుకాణం మనిషి.

"ఆకుపచ్చ."

"ఆకుపచ్చ అయిపోయింది. నీలం ఉంది."

"నీలమే వెయ్యి."

మొదటి పేజీలో అంకితం ఉంది. చనిపోయిన అమ్మకి, అమ్మతో పాటు కార్కు ఏరిన ఆడవాళ్లందరికీ. దాన్ని కూడా తీసేద్దామా అనుకుంది. తీస్తే ఒప్పుకున్నట్టవుతుంది. ఉంచింది. ఉంచడం అంతకంటే సిగ్గుగా అనిపించింది. అప్పటికే యంత్రంలో కాగితం కదిలింది.

బుధవారం పొద్దున సీ అయ్యాష్ రెండుసార్లు ముద్ర వేశాడు. మొదటిది సరిగా పడలేదని.

తరువాతి వారం తొట్ల దగ్గరికి వెళ్లేసరికి వడ్రంగి నడక చెక్క కింద ఇనుప పట్టీ బిగిస్తున్నాడు. తొట్టి చల్లార్చి ఉంది. ఆవిరి లేని తొట్ల విభాగాన్ని బుతైనా అదే మొదటిసారి చూడటం. మస్సూదా బోర్లించిన తట్ట మీద కూర్చుని రొట్టె తుంచుకు తింటోంది. ఇద్దరికీ నెత్తి మీద నీలం ఫ్యాను తిరుగుతోంది.

"రా, డాక్టరమ్మా రా. కూర్చో, నేల మీద అయితే కూర్చో, మాకు సోఫాలు లేవు."

"డాక్టరు కాదు ఖాల్తీ, మాస్టర్సు."

"ఏదో ఒకటి. ఫోనెత్తి ఆలో అనడానికి ఇంత పెద్ద చదువు కావాలంట అని నేనూ అందరికీ చెప్పుకుంటున్నా. మీ అమ్మ ఉంటేనా, ఈపాటికి ఊళ్లో వాళ్ల చెవులు చిల్లులు పడేవి." రొట్టె ముక్క ఒకటి విరిచి ఆమె చేతిలో పెట్టింది. "తిను. ముఖం చూడు, ఎండిన బెరడు."

బుతైనా తింది. రొట్టెకి ఆలివ్ నూనె అంటి ఉంది.

"ఆదివారం వైవా," అంది. "నువ్వు రావాలి. అమ్మ తరఫున ఎవరూ లేరు. మిఠాయి నువ్వే చేయాలి."

"మక్రూద్ నేను కాక ఎవరు చేస్తారు? వస్తా. మనవాళ్లని ఒకరిద్దర్ని తెస్తా. లోపలికి రానిస్తారా మమ్మల్ని?"

"తలుపు తెరిచే ఉంటుంది. ఎవరైనా రావచ్చు."

వడ్రంగి చెక్క మీద ఎగిరి దూకి చూపించాడు. చెక్క కదల్లేదు.

"చూడు, వాడు కోతిలా గెంతుతున్నాడు," అంది మస్సూదా. "చెక్క బాగైంది. ఎవరు చెప్పారో, ఎట్లా వినపడిందో. నీ పుణ్యమేమో." చేతులు దులుపుకుంది. "చెక్క సరే. మరి జాహియా చెప్పుల సంగతి? అది రాశావా నేను చెప్పింది చెప్పినట్టు?"

"రాశాను ఖాల్తీ."

అది నిజమే. రాసింది. ఆ మాట ఎంత తేలికగా వచ్చిందంటే, ఫోను బోర్డు దగ్గర డైరెక్టరుగారు గదిలో లేరు అన్నంత తేలికగా వచ్చింది.

"అక్కడ అందరి ముందూ చదువుతావా?"

"అక్కడ కొంచెమే చెబుతారు. పుస్తకం అంతా చదవరు."

"చదవకపోయినా నేను చదువుకుంటాలే. మసీదు క్లాసుకి రెండేళ్లు వెళ్లాను, నన్ను తక్కువ చెయ్యకు. మొన్న సిమెంటు బస్తా మీదదంతా చదివేశా, చివర ఫోను నెంబరుతో సహా." నవ్వింది. పైనున్న రెండు పళ్ల సందు కనిపించింది. బుతైనా అమ్మ ఆ సందు చూసి ఎప్పుడూ వెక్కిరించేది.

అప్పుడు చెప్పవచ్చు. తొట్టి చల్లగా ఉంది, ఎవరూ లేరు, వడ్రంగి సామాను సర్దుకుంటున్నాడు. బుతైనా నోరు తెరిచింది. "మక్రూద్‌లో నారింజ పూల నీళ్లు ఎక్కువ వెయ్యకు," అంది.

"నాకు నేర్పు," అంది మస్సూదా.

వైవా గదిలో ముగ్గురు పరీక్షకులు నల్ల గౌన్లలో కూర్చున్నారు, ఉస్తాద్ నుఆమాన్ అటు చివర. బల్ల మీద నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ పూలు. ముందు వరసలో ఆతిథ్య సంస్థ తరఫున సీ అయ్యాష్. మర్యాద ప్రకారం ఆయన్ని పిలవాలి, పిలిచింది. ఆయన తెల్ల చొక్కా వేసుకుని, పెళ్లికి వచ్చినట్టు ప్రసన్నంగా ఉన్నాడు.

బుతైనా మొదలుపెట్టింది. గ్రాంథికమైన అరబ్బీలో, నేర్చుకున్న గొంతుతో. మొదటి అధ్యాయం నిర్వచనాలు దాటి, రెండో అధ్యాయం పద్ధతి దగ్గరకు వస్తుండగా వెనక తలుపు కిర్రుమంది. మస్సూదా వచ్చింది. పెళ్లిళ్లకి తొడిగే ఊదారంగు పొడుగు అంగీ, జెల్లాబా, చేతుల్లో తువ్వాలు కప్పిన తాంబాళం. ఆమె వెనక కార్కు ఏరుడు విభాగం ఆడవాళ్లు ఇద్దరు. వాళ్లిద్దరి మధ్య చేతికర్రతో, ఒక్కో అడుగూ వెతుక్కుంటూ, జాహియా.

జాహియాని తెస్తుందని బుతైనా అనుకోలేదు. ఈ భాష వాళ్లకి సగం అర్థం కాదని, మిఠాయి కోసం, సంతోషంతో కేకలు తీయడం కోసం వస్తారని అనుకుంది. వైవాకి ఆడవాళ్లు అందుకే వస్తారు. వినడానికి రారు.

జాహియా చివరి వరసలో కూర్చుంది. కాలు చాచి, దాని మీద బట్ట సరిచేసుకుంది. కొత్త బూట్లు తొడుక్కుంది. మగవాళ్ల నల్ల బూట్లు, లేసులు బిగించి కట్టినవి. ముందుకి వంగి కూర్చుంది, చెవి తిప్పి, రేడియో వినేవాళ్లలా.

బుతైనా నీళ్లు తాగింది. మూడో అధ్యాయం చెప్పింది. బస్సు సంగతి చెప్పింది. తెర మీద బాణాలు ఒకటొకటిగా పైకి వెళ్లాయి.

పరీక్షకుల్లో ఒకావిడ, ఇంకో ఊరి నుంచి వచ్చినావిడ, కళ్లజోడు పైకి నెట్టి పేజీలు తిప్పింది.

"ఉపసంహారంలో మీరు ఒక బలమైన మాట రాశారు. మాట పైకి వెళ్లేకొద్దీ మారిపోవడం మనుషుల శరీరాల మీద దెబ్బగా దిగుతుందని. శరీరాల మీద. బస్సు ఆలస్యమైతే శరీరం మీద ఏం దెబ్బ? కాళ్లు నొప్పులా?" గదిలో కొంచెం నవ్వులు. "నేను తప్పు పట్టడం లేదు. ఆ మాట ఎక్కడి నుంచో వచ్చింది. ఫీల్డులో మీరు చూసిన ఉదాహరణ ఒకటి చెప్పండి."

నాలుగు పేజీలు తీసింది గాని ఆ వాక్యాన్ని మరిచిపోయింది. అది మాత్రం అక్కడే ఉండిపోయింది, ఇల్లు ఖాళీ చేసినవాళ్లు గోడకి వదిలేసిన మేకులా.

చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. చెక్క, రాబహ్, ఫ్యాను, చెప్పులు. ఆ మాటలు నాలుక మీదే ఉన్నాయి, మస్సూదా గొంతుతో సహా. సీ అయ్యాష్ కాలు మీద కాలు మార్చి వేసుకున్నాడు. ఆయన ముఖంలో బెదిరింపు లేదు. ఆయన ఆమెవైపు నమ్మకంగా చూస్తున్నాడు. సొంత మనిషిని చూసినట్టు. దాన్ని దాటడం ఇంత కష్టమని ఆమెకు ఎప్పుడూ తెలియదు. కోపంగా చూస్తే దాటేదేమో.

ఉస్తాద్ నుఆమాన్ పెన్ను మూత తీసి పెట్టాడు, పెట్టి తీశాడు.

వెనక వరసలో జాహియా ఇంకొంచెం ముందుకి వంగింది.

"పొద్దున బస్సు ఆలస్యమైతే," అంది బుతైనా, "కార్మికులు గేటు నుంచి పరుగెత్తుతారు. పరుగు వల్ల అలసట, ఏకాగ్రత లోపం. శరీరం మీద దెబ్బ అంటే ఆ ఉద్దేశంతో రాశాను."

ఆవిడ ఒక క్షణం చూసింది. "సరే," అంది. కాగితం మీద ఏదో రాసుకుంది.

మస్సూదా తాంబాళం మీద తువ్వాలు అంచుని మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

పరీక్షకులు బయటికి వెళ్లి వచ్చి, అందర్నీ నిలబడమన్నారు. అధ్యక్షుడు చదివాడు. ఇరవైకి పదిహేడు. ప్రశంసతో ఉత్తీర్ణత.

అప్పుడు ఆడవాళ్లు యూయూ కేక తీయాలి. తల్లి మొదలుపెట్టాలి. తల్లి లేకపోతే తల్లి చోట ఉన్నది. చప్పట్లు మొదలయ్యాయి, తగ్గాయి. గదిలో ఒక ఖాళీ ఏర్పడింది. అందరూ వెనక్కి చూశారు. మస్సూదా నేలవైపు చూస్తోంది.

తర్వాత తలెత్తింది. నోటికి అడ్డంగా చేయి పెట్టుకుని, నాలుక ఆడించి, గది గోడలు మోగేలా కేక తీసింది. ఎక్కడా విరగలేదు, ఎక్కడా తగ్గలేదు. ఊపిరి ఉన్నంతసేపు తీసింది. చనిపోయిన స్నేహితురాలికి ఇవ్వవలసింది పూర్తిగా ఇచ్చేసినట్టు తీసి, చేయి దించేసింది. మిగతా ఆడవాళ్లు అందుకున్నారు. సీ అయ్యాష్ లేచి వచ్చి బుతైనాకి శుభాకాంక్షలు చెప్పాడు.

"మన ఫ్యాక్టరీ పరువు నిలబెట్టావమ్మా," అన్నాడు.

వరండాలో బల్ల మీద తాంబాళాలు పరిచారు. తేనెలో మెరుస్తున్న మక్రూద్, జ్యూసు సీసాలు, కాగితం గ్లాసులు. పరీక్షకులు ఒక్కో ముక్క తీసుకుని, బాగుంది బాగుంది అంటూ తర్వాతి వైవాకి వెళ్లిపోయారు. సీ అయ్యాష్ రెండు ముక్కలు రుమాల్లో కట్టుకుని, మా ఆవిడకి అని చెప్పి దిగిపోయాడు. ఏరుడు విభాగం వాళ్లు బుతైనాని ముద్దు పెట్టుకుని, ఫోటోలు దిగి, బస్సు వేళ చూసుకున్నారు.

జాహియా చేతికర్ర గోడకి ఆనించి ఆమె చెంపలు రెండు చేతుల్తో పట్టుకుంది. అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి.

"చల్లగా ఉండు తల్లీ. మీ అమ్మ కళ్లారా చూడాల్సింది. ఎంత గట్టిగా మాట్లాడావు వాళ్ల ముందు. నాకైతే కాళ్లు వణికేవి. నాకున్నదే ఒకటిన్నర," అని తనే నవ్వింది. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అయిపోయిందా? ఇంకా భాగం ఉందా?"

"ఏ భాగం ఖాల్తీ?"

"నా చెప్పుల సంగతి. మస్సూదా చెప్పింది, పెద్దవాళ్ల ముందు వస్తుందని. నేను విన్నాను, విన్నాను. నాకు ఆ అరబ్బీ సరిగా అందదు గదా. రాలేదేమో అనుకున్నా, వచ్చినా నాకు తెలియలేదేమో అనుకున్నా. మళ్లీ మధ్యాహ్నం ఉంటుందేమోనని అడుగుతున్నా. ఉంటే కూర్చుంటాను. నాకేం పని."

బుతైనా జ్యూసు సీసా పట్టుకున్న చేయి చల్లగా, తడిగా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"అదా," అంది మస్సూదా. ఖాళీ తాంబాళాల్ని ఒకదాని మీద ఒకటి పెడుతూ, వాళ్లవైపు చూడకుండా అంది. "అది పుస్తకంలో ఉంది జాహియా. లావు పుస్తకం, అంతా చదవరు అక్కడ. ముందే చెప్పింది నాకు. కదమ్మా?"

బుతైనా ఆమె వీపునే చూసింది. జెల్లాబా మెడ దగ్గర కుట్టు కొంచెం విడిపోయి ఉంది.

"అవును," అంది.

"ఉందా?" అంది జాహియా. "అయితే సరే. చదవకపోతే ఏం, ఉంటే చాలు. ఏదీ, చూపించు."

నీలం అట్ట పుస్తకం బల్ల మీద, చక్కెర పొడి పక్కన ఉంది. బుతైనా తీసుకుంది. చేతులు తమంతట తామే తెరిచాయి. మందం చూసి తెరవగలదు. మూడో అధ్యాయం. బస్సు. బాణాలు. పేజీని జాహియావైపు తిప్పి పట్టుకుంది.

"ఇక్కడా?"

"ఇక్కడే ఖాల్తీ."

జాహియా చేతిని జెల్లాబాకి తుడుచుకుంది, తేనె అంటుతుందని. తర్వాత అరచేయి విప్పి పేజీ మీద ఆనించింది. ఒత్తలేదు. జ్వరం చూసేవాళ్లలా ఆనించి, అలాగే ఉంచింది. ఆమె ముఖం విచ్చుకుంది, చాలాసేపు ముడుచుకుని ఉన్నది ఎక్కడో సాపు అయినట్టు.

"ఇది వాళ్లకి కూడా ఒకటి ఇచ్చావా? ఫ్యాక్టరీకి?"

"ఇచ్చాను."

"మంచిపని చేశావు."

మస్సూదా తాంబాళాలు సంకన పెట్టుకుని దగ్గరికి వచ్చింది. జాహియా చేతి వేళ్ల సందుల్లో కనిపిస్తున్న అక్షరాల మీదకి వంగింది. ఆమె పెదాలు కదలడం బుతైనా చూసింది, మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. ఒక పంక్తి చివరిదాకా వెళ్లాయి. రెండో పంక్తి మధ్యలో ఆగిపోయాయి.

"పద జాహియా," అంది మస్సూదా. "బస్సు వెళ్లిపోతుంది."

చేతికర్ర తీసి జాహియాకి అందించింది. మెట్ల దగ్గర తాంబాళాలు చేయి మార్చుకుని, రెండో చేత్తో ఆమె మోచేయి పట్టుకుంది. జాహియా కొత్త బూట్లు మెట్టు మెట్టుకీ చప్పుడు చేస్తూ దిగాయి. బుతైనా పుస్తకం మూయలేదు. చప్పుడు వినిపించినంతసేపు, ఆ పేజీ అలాగే తెరిచి పట్టుకుని నిలబడింది.